వేరుకు దక్కిన పేరు

డుడుమ జలపాతం నీళ్ళతో నడిచే మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్న ఈ 120 మెగావాట్ల కేంద్రం పుణ్యమా అని ఒనకఢిల్లి చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. కరెంటు పుట్టించే ఊరే అయినా, నలభై ఐదు దాటిన ఇల్లాలికి ముట్లు గతి తప్పి, ఒంట్లోంచి ఆవిర్లు లేచి, అర్ధరాత్రి చెమటకు జాకెట్టు తడిసిపోతే చెవినపడే సలహా మాత్రం పాతదే. గురువారం సంతలో ఎవరినో అడిగి వేరు తెప్పించుకోమంటారు. కొండ మీద గదబ, పరజ, బొండ గిరిజనుల ఊళ్ళలో దిసారిని పిలుస్తారు. ఆయన గ్రహాలూ చూస్తాడు, మూలికలూ ఇస్తాడు. మన వాళ్ళు దిసారిని చూసి నవ్వుతారు. అదే వేరు రసాన్ని సీసాలో పోసి లేబులు అంటిస్తే మాత్రం కళ్ళకద్దుకుని తాగుతారు.

వేరు పనిచేసిందని చెప్పే ఆడవాళ్ళు అబద్ధం ఆడటం లేదు. వాళ్ళకు నిజంగానే తగ్గింది. దేని వల్ల తగ్గిందన్నదే తేలాలి. ముట్లు ఆగిపోయే ముందు ఈస్ట్రోజెన్ హార్మోను మెట్టు మెట్టుగా దిగదు, ఒక నెల ఎగిసి మరో నెల కూలుతుంది. ఆవిర్లూ అంతే, ఒకవారం రోజుకు పదిసార్లు వస్తే ఇంకోవారం రెండుసార్లు. మనిషి మందు కోసం బయల్దేరేది బాధ బాగా ముదిరినప్పుడే. ఆ తర్వాత ఎలాగూ కొంత తెరిపి వస్తుంది. ఆ తెరిపి వేరు ఖాతాలో పడుతుంది. మరి తగ్గనివాళ్ళ సంగతో? పథ్యం తప్పిందంటారు, వంకాయ తిన్నావంటారు, నమ్మకం చాలలేదంటారు. తగ్గితే మందు గొప్ప, తగ్గకపోతే మనిషి తప్పు.

ఎటు తిరిగీ ఓడిపోని ఇలాంటి మందును పరీక్షించడానికి ఒకే దారి ఉంది. కొందరికి మందు, కొందరికి అచ్చం అలాగే కనబడే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరు ఏది మింగారో ఎవరికీ తెలియకుండా లెక్క రాయాలి. మెనోపాజ్, అంటే ముట్లు ఆగిపోయే దశలో ఇచ్చే హార్మోను చికిత్స మీద ఇలా జరిగిన పరీక్షలను 2004లో, వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ కలిపి చూసింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళకే ఆవిర్లు దాదాపు 58 శాతం తగ్గాయి! ఉత్తుత్తి మాత్ర మింగినా సగానికి పైగా తగ్గే బాధకు ఏ ఆకు నూరిపోసినా సాక్ష్యాలు దొరకవా? హార్మోను దీనికి మించి ఎంతో తగ్గించింది కాబట్టే అది మందు అనిపించుకుంది.

మూలికలకూ ఆ అవకాశం ఇచ్చారు. అమెరికాలో 351 మంది స్త్రీల మీద ఏడాదిపాటు జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. పాశ్చాత్య దేశాల్లో మెనోపాజ్‌కు పేరుమోసిన బ్లాక్ కోహోష్ అనే వేరు ఒక గుంపుకు, పలు మూలికల మిశ్రమం మరో గుంపుకు, మిశ్రమంతోపాటు సోయా తినమన్న సలహా ఇంకో గుంపుకు ఇచ్చారు. ఈ మూడూ ఉత్తుత్తి మాత్రను దాటలేదు. హార్మోను ఇచ్చిన గుంపులో మాత్రమే స్పష్టమైన తేడా కనబడింది. మన శతావరి, అశోక పట్ట గురించి అడిగితే వేల ఏళ్ళ అనుభవం అంటారు. మశూచి వస్తే అమ్మవారు పోసిందని వేపమండలు కట్టిందీ వేల ఏళ్ళ అనుభవమే. ఆ అమ్మవారిని 1975కల్లా మన దేశం నుంచి సాగనంపింది టీకా, జాతర కాదు.

ఈ మూలికల వ్యాపారం మన ఒక్కరిదే అనుకోవద్దు. 1875లో అమెరికాలో లిడియా పింకమ్ అనే ఆవిడ పేరుతో స్త్రీల టానిక్ ఒకటి అమ్మకానికొచ్చింది. అందులో బ్లాక్ కోహోష్‌తోపాటు 18 శాతం ఆల్కహాలు ఉండేది. తాగినవాళ్ళకు నిద్ర పట్టిందంటే ఆశ్చర్యమేముంది? మద్రాసులో కేసరి కుటీరం వారి ‘లోధ్ర’ ప్రకటనలు చూడని పాతతరం తెలుగు పాఠకులు అరుదు. ఆ కేసరిగారే నడిపిన ‘గృహలక్ష్మి’ పత్రిక స్త్రీల రచనలకు చోటిచ్చింది, ఆ గౌరవం ఆయనకు దక్కవలసిందే. పత్రిక మంచిదైతే మందూ మంచిదని రుజువు కాదు గదా. స్త్రీల నెలసరి రుగ్మతలు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. టీవీ పెట్టి చూడండి, ఆ చట్టం ఎంత బాగా అమలవుతోందో తెలుస్తుంది.

అడవిలో మందు లేదని నేననడం లేదు. కొరాపుట్ కొండల్లో రకరకాల అడవి దుంపలు దొరుకుతాయి. గింజలు అయిపోయిన నెలల్లో ఇక్కడివాళ్ళు వాటిని తవ్వుకొచ్చి వండుకు తింటారు. ఆ దుంపల డయాస్కోరియా జాతికే చెందిన మెక్సికో దుంప నుంచి రసెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రవేత్త 1940లలో డయోస్‌జెనిన్ అనే పదార్థం తీసి, ప్రయోగశాలలో దాన్ని ప్రొజెస్టెరాన్ హార్మోనుగా మార్చాడు. అది విన్న వ్యాపారులు దుంప సారం కలిపిన క్రీములు తయారుచేసి, రాసుకుంటే హార్మోను పుడుతుందని అమ్మసాగారు. ఆ మార్పు గాజు పాత్రలో జరుగుతుంది, మన ఒంట్లో జరగదు. దుంప తింటే కడుపు నిండుతుంది, అంతే. జయపురంలో స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఈ ప్రాంతపు ఔషధ మొక్కలను పెంచి కాపాడుతోంది. కాపాడవలసిందే. మొక్కను కాపాడటం వేరు, మొక్క పేరుతో చెప్పిందల్లా నమ్మటం వేరు.

‘పనిచేయకపోతే పోనీ, చెట్టుమందు హాని అయితే చేయదుగా’ అనేది ఆఖరి వాదన. అదీ నిలవదు. అసలు అశోక చెట్లు అడవుల్లో తరిగిపోయి, బజారులో నరమామిడి పట్ట అశోక పట్టగా చెలామణీ అవుతోంది. ఆయుర్వేద అరిష్టాలు పులియబెట్టి చేసేవి, వాటిలో సహజంగానే ఆల్కహాలు పుడుతుంది. ఆవిర్లు రేపే వాటిలో ఆల్కహాలు ఒకటి. బ్లాక్ కోహోష్ వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2006లో బ్రిటన్, ఆస్ట్రేలియా హెచ్చరికలు ముద్రించమన్నాయి. అశ్వగంధను డెన్మార్క్ 2023లో నిషేధించింది.

వీటికన్నా పెద్ద హాని ఆలస్యం. ఈ వయసులో ముట్టు పది, పదిహేను రోజులు ఆగకుండా పోతుంటే ‘ఆడవాళ్ళకు మామూలే’ అని పసరు తాగిస్తూ కూర్చుంటారు. ఒడిశాలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 64 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అలాంటి ఒంట్లోంచి నెలనెలా అంత రక్తం పోతుంటే మిగిలేదేమిటి? ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనబడితే అది ఇంకా తీవ్రమైన సంగతి. అలా వచ్చేవారిలో పదిమందికి ఒకరి చొప్పున గర్భాశయ క్యాన్సర్ బయటపడుతుంది. మొదట్లోనే పట్టుకుంటే చాలావరకు నయమయ్యే జబ్బది. వేరు నూరి ఆరునెలలు ఆగితే, మందుకని పోయినవాడు మాసికానికి వచ్చినట్టే.

అయితే ఆడవాళ్ళు ఆస్పత్రికి ఎందుకు భయపడుతున్నారో కూడా అడగాలి. అదే సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గరగా ఉన్నారు. తెల్లబట్టకూ నడుమునొప్పికీ కూడా కోసి పారేసిన సందర్భాలున్నాయి. అండాశయాలూ తీసేస్తే ముప్పై ఐదేళ్ళకే ఆవిర్లు మొదలవుతాయి. అక్కకు అలా జరిగితే చెల్లెలు దిసారి దగ్గరకు పోవడం మూఢత్వం ఒక్కటే కాదు. ఒక అశాస్త్రీయతకు భయపడి ఇంకో అశాస్త్రీయత చాటుకు చేరడం అది. దిసారిని అడిగే ప్రశ్నే సర్జన్‌నూ అడగాలి: రుజువేదీ?

అమ్మా, ఆవిర్లు భరించలేనంతగా ఉంటే హార్మోను చికిత్స ఉంది, హార్మోను లేని మందులూ ఉన్నాయి. అవి మీ ఒంటికి సరిపడతాయో లేదో, వాటి ప్రమాదాలేమిటో డాక్టరుతో చెప్పించుకోండి. ఇప్పటికే ఏదైనా వేరు తింటుంటే ఆ సంగతి దాచవద్దు. గర్భసంచి తీయాలంటే రెండో డాక్టరును అడగండి. ముట్లు ఆగిన ఏడాది తర్వాత రక్తం చుక్క కనబడినా, కొరాపుట్ మెడికల్ కాలేజీకో విశాఖ కేజీహెచ్‌కో ఆ వారమే బయల్దేరండి.