అనుభవించినవారిని అడగరేమి?

మనోవ్యాధికి లోనైన వ్యక్తిని గురించి వైద్యుడు మాట్లాడతాడు, బంధువులు మాట్లాడతారు, ఇరుగుపొరుగువారు మరీ ఎక్కువగా మాట్లాడతారు. అతనిని అడిగేవారే కరువు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు శరణాలయం తగలబడి 28 మంది రోగులు మరణించారు. గొలుసులతో బంధించి ఉన్నందువల్ల వారు పారిపోలేకపోయారు. ఆ గొలుసులు వేసినవారు అది రక్షణే అనుకుని ఉంటారు!

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. అంతకంటె విశేషమేమంటే, వ్యాధి ముదిరినప్పుడు తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే వ్రాసి ఉంచుకొనే హక్కును ప్రతి వయోజనునికీ ఇచ్చింది. రాష్ట్ర ప్రాధికార సంస్థలో ఈ వ్యాధిని అనుభవించినవారి ప్రతినిధులకు రెండు స్థానాలు కేటాయించింది. రెండే! అయినా అధికారుల సరసన వారికి పీట వేయడం సామాన్యమైన మార్పు కాదు.

మందులను నేను తక్కువ చేయడం లేదు. కాని నిద్ర పట్టినంత మాత్రాన మనిషి కోలుకున్నట్లేనా? ఉద్యోగం, స్నేహం, పెళ్లిపందిరిలో నలుగురితో కలిసి కూర్చునే చోటు తిరిగి దక్కవద్దా? ఇంటికి చేరాక చుట్టాల చూపులను ఎలా తట్టుకోవాలో ఆ దారిన నడిచివచ్చినవారే చెప్పగలరు. అటువంటివారిని ఆసుపత్రులు వేతనమిచ్చి నియమించాలి. వార్డు నియమాలు వ్రాసేటప్పుడు పిలిచి అడగాలి.