బ్యాగు మోసేవాళ్ళకు సోమవారమే ఆట

మలక్‌పేటలో పెరిగినవాళ్ళకు క్లబ్బు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. రేస్‌కోర్సు గోడ చూస్తే చాలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, గుర్రప్పందేలు మౌలాలి నుంచి ఇక్కడికి వచ్చాయి. గోడకు ఇవతల గల్లీలు, ఒకే గదిలో సర్దుకునే కుటుంబాలు. అవతల గుర్రాలు పరిగెత్తే పచ్చిక. బస్తీ పిల్లలకు ఆ గేటు లోపల పని దొరకొచ్చు గానీ కుర్చీ దొరకదు.

ఈ గోడ వెనక ఒక కోర్టు కథ ఉంది. గోల్ఫ్ గురించి మాట్లాడబోయే ముందు అది చెప్పుకోవాలి. 1948 ఈఎస్ఐ చట్టం తమకు వర్తించదని రేస్ క్లబ్బుల వాదన. మాది షాపు కాదు, ఫ్యాక్టరీ కాదు, వినోదం అన్నాయి. ఈఎస్ఐ కార్పొరేషన్‌కూ హైదరాబాద్ రేస్ క్లబ్‌కూ నడిచిన కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. డబ్బు తీసుకుని సేవలు అందించే చోటు చట్టం కిందికి వస్తుందని చెప్పింది. తర్వాత ఆ తీర్పు మీదే సందేహాలు లేచి, విషయం ముగ్గురు జడ్జీల బెంచికి వెళ్ళింది. 2014లో బెంగళూరు టర్ఫ్ క్లబ్ కేసులో ఆ బెంచి కూడా అదే మాట ఖాయం చేసింది. అంటే పెద్దమనుషుల క్లబ్బు కూడా యజమానే. అక్కడ పనిచేసేవాడికి జబ్బు చేస్తే వైద్యం, దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాల్సిందే. మలక్‌పేట పేరు కార్మిక చట్టంలోకి ఎక్కింది ఇలా.

ఇప్పుడు గోల్ఫ్‌కు వద్దాం. 2016 రియోలో ఈ ఆట మళ్ళీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. టోక్యోలో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచి, కొద్దిలో పతకం పోగొట్టుకుంది. అప్పటినుంచి 'గోల్ఫ్‌లో కెరీర్' అనే మాట కాలేజీల దాకా వినబడుతోంది. కోచ్, క్లబ్ మేనేజర్, పచ్చిక నిపుణుడు, టోర్నీ నిర్వాహకుడు, ఇలా జాబితా పెద్దదే. క్లబ్బులు కూడా కొత్త ఆటగాళ్ళు కావాలంటున్నాయి. సభ్యుల వయసు పెరుగుతోంది, పిల్లలు రావాలి, ఆడవాళ్ళు రావాలి అంటున్నాయి. మంచిదే. కానీ ఆ కొత్త ఆటగాళ్ళ కోసం క్లబ్బులు చూసేది ఇంటర్నేషనల్ స్కూళ్ళ వైపు, గేటెడ్ కమ్యూనిటీల వైపు. తమ గేటు లోపలే రోజూ పద్దెనిమిది హోల్స్ నడిచేవాళ్ళ వైపు కాదు.

క్యాడీ అంటే బ్యాగు మోసేవాడు మాత్రమే అనుకుంటే పొరపాటు. గాలి ఎటు వీస్తోంది, గ్రీన్ ఎటు వాలింది, ఏ దూరానికి ఏ క్లబ్ తీయాలి, ఇవన్నీ చెప్పేది అతనే. వేల రౌండ్లు చూసిన కన్ను అది. దేశంలో పెద్ద విజయాలు కొన్ని ఆ కంటి నుంచే వచ్చాయి. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ టైటిల్ అందుకున్న తొలి భారతీయ ప్రొఫెషనల్ అతనే. 1993లో మళ్ళీ గెలిచాడు. బెంగళూరులో క్యాడీగా చేసిన సి. మునియప్ప 2009లో అదే టైటిల్ కొట్టాడు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2016, 2017ల్లో వరసగా రెండుసార్లు గెలిచాడు. మవూలో క్యాడీగా ఉన్న ముకేష్ కుమార్ 2016లో, 51 ఏళ్ళ వయసులో, ఏషియన్ టూర్ టోర్నీ నెగ్గాడు. వీళ్ళంతా దళితులని నేను అనడం లేదు. వీళ్ళెవరూ సభ్యుల పిల్లలు కారు, అంతవరకే చెబుతున్నాను.

వీళ్ళను క్లబ్బులు 'తీర్చిదిద్దలేదు'. చాలా క్లబ్బుల్లో క్యాడీలకు ఆడుకునే వీలుండేది సోమవారమే. మైదానానికి సెలవు, మరమ్మతులు చేసే రోజు అది. మిగతా రోజుల్లో విరిగిన కర్రతోనో, సభ్యుడు పారేసిన ఐరన్‌తోనో, గోడ పక్కన ప్రాక్టీసు. ఈ కథ మనకు కొత్తేమీ కాదు. పుణెలో యూరోపియన్ల క్లబ్బులో పిచ్ చదును చేస్తూ, నెట్స్‌లో తెల్లదొరలకు బంతులేసిన పల్వంకర్ బాలూ తన కాలంలో దేశంలోనే గొప్ప స్పిన్నర్ అయ్యాడు. అతని బౌలింగ్ కావాలి, కానీ టీ మాత్రం విడిగా మట్టి ముంతలో.

ఆ మట్టి ముంత పోయిందనుకుంటే 2017 జూన్ గుర్తు తెచ్చుకోవాలి. సంప్రదాయ జైన్‌సెమ్ కట్టుకుని అతిథిగా వచ్చిన ఒక ఖాసీ మహిళను ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ భోజనాల గదిలోంచి లేచి వెళ్ళమన్నారు. 'పనిమనిషిలా ఉంది' అన్నది కారణం.

ఈ ఆట నడిచే భూమి ఎవరిది? గోల్కొండ నయాఖిల్లా కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు అక్కడే ఉంది. గచ్చిబౌలి వైపు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎమ్మార్ ప్రాజెక్టుకు కేటాయించిన 535 ఎకరాల్లో సుమారు 235 గోల్ఫ్ కోర్సుకే. ఆ ప్రాజెక్టు మీద 2011లో సీబీఐ కేసు దాకా వెళ్ళింది, అది వేరే కథ. 2014 ఆగస్టు 15న గోల్కొండ కోటలోనే భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం ప్రారంభించారు. 235 ఎకరాలను మూడుతో భాగించండి. 78 కుటుంబాలు. మూడెకరాల కోసం ఊళ్ళలో భూమి దొరకలేదని చెప్పిన రాష్ట్రంలో గోల్ఫ్ కోసం ఎప్పుడూ దొరికింది.

కోర్సులు మూసేయమని నా వాదన కాదు. ప్రజల భూమి మీద నడిచే ఆటకు ప్రజల షరతులు ఉండాలి. అమెరికాలో హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల 2023 సెప్టెంబర్‌లో పీజీఏ టూర్ టోర్నీ గెలిస్తే మన పత్రికలు 'మనోడే' అని మురిసిపోయాయి. అక్కడ ఆ రోజు ఫీజు కట్టి ఎవరైనా ఆడగలిగే మున్సిపల్ కోర్సులు చాలా ఉన్నాయి. సభ్యత్వం లేని వలస కుటుంబం పిల్లాడికి కూడా తలుపు తెరుచుకునేది అక్కడే. మన నగరంలో అలాంటి తలుపేది?

'ఖరీదైన ఆట, మన పిల్లలకెందుకు' అనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. పర్వతారోహణ మాత్రం చవకా? 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పుడు పదమూడేళ్ళు. డబ్బు పెట్టింది ప్రభుత్వం, కష్టం పిల్లలది. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధికి 2017లో చట్టం కూడా చేసుకున్నాం. క్యాడీల పిల్లలకు కోచింగ్ సర్టిఫికెట్ కోర్సుల ఫీజు అందులోంచి ఎందుకు కట్టకూడదు?

ఒక హెచ్చరిక మాత్రం అమెరికా నుంచే నేర్చుకోవాలి. అక్కడి పీజీఏ 1961 దాకా తెల్లవాళ్ళకే సభ్యత్వం ఇచ్చింది. అగస్టాలో మాస్టర్స్ టోర్నీకి 1982 దాకా క్లబ్బు ఇచ్చే నల్లజాతి క్యాడీలే బ్యాగు మోయాలి. 1983 నుంచి ఆటగాళ్ళు సొంత క్యాడీలను తెచ్చుకోవచ్చన్నారు. అప్పటికి ప్రైజ్ మనీ పెరిగింది, క్యాడీ వాటా పెరిగింది. ఏళ్ళ తరబడి ఆ గ్రీన్ల వాలు చదివినవాళ్ళు చాలామంది పక్కకు పోయారు, బ్యాగు తెల్లవాళ్ళ భుజానికెక్కింది. చాకిరీ ఎప్పుడు కెరీర్‌గా మారుతుందో అప్పుడే అది చేతులు మారుతుంది. పచ్చిక సంరక్షణకు డిగ్రీ, కోచింగ్‌కు సర్టిఫికెట్, మేనేజ్‌మెంటుకు ఇంగ్లీషు కావాలన్న రోజున, ఇన్నాళ్ళూ ఆ పచ్చిక కోసినవాడు 'అర్హత లేనివాడు' అవుతాడు.

క్యాడీల విషయంలో ఇంకో చిక్కు ఉంది. క్యాడీ క్లబ్బు ఉద్యోగా, లేక సభ్యుడు ఆ పూటకు పెట్టుకున్న మనిషా? హాంకాంగ్ కేసులో 1997లో ప్రివీ కౌన్సిల్ మెజారిటీ, క్యాడీ క్లబ్బు ఉద్యోగి కాదని తేల్చింది. యూనిఫాం క్లబ్బుది, వరస క్లబ్బుది, రేటు క్లబ్బుది, కానీ మనిషి మాత్రం క్లబ్బు మనిషి కాదట! మన దగ్గర కూడా క్లబ్బులు ఆ సందులోంచే తప్పించుకోగలవు. అందుకే మలక్‌పేట తీర్పు ముఖ్యం. క్లబ్బు చట్టానికి అతీతం కాదని అది ముందే తేల్చింది. తేలాల్సింది క్యాడీ ఆ క్లబ్బు మనిషి అన్న సంగతే.

విద్యార్థులు ఇక్కడ చేయగల పని ఉంది. సమాచార హక్కు చట్టం కింద లీజు కాపీలు అడగొచ్చు. ఎన్నేళ్ళకు ఇచ్చారు, ఏడాదికి ఎంత కడుతున్నారు, బయటి పిల్లలకు ఎన్ని గంటలు కేటాయించాలన్న షరతు ఉందా లేదా, ఉంటే ఎవరు తనిఖీ చేస్తున్నారు? 2024 నవంబర్‌లో ఇంటింటికీ వెళ్ళి కులం అడిగిన ప్రభుత్వం, తన భూమి మీద నడిచే క్లబ్బుల సభ్యుల జాబితానూ క్యాడీల జాబితానూ అలాగే అడగాలి. లీజు రెన్యువల్ కాగితం మీద రాయాల్సిన మొదటి వాక్యం చిన్నదే: క్యాడీలకూ వాళ్ళ పిల్లలకూ మిగతా ఆరు రోజుల్లోనూ ఆడుకునే సమయం ఉండాలి.