మనదైతే మహిమ, వాళ్లదైతే మంత్రం

ముదలియార్‌పేటలో కొత్త ఇంటి ముందు దిష్టి గుమ్మడికాయ వేలాడుతుంది. పక్క గోడమీద స్వస్థత కూటం పోస్టరు. మా బౌద్ధుల ఇళ్లలో పిల్లల మణికట్టుకు పరిత్త దారం. ఒకరి దాన్ని చూసి ఇంకొకరు నవ్వుతారు. ఆ నవ్వు మీదే మా ఫిర్యాదు.

ఈ జబ్బు చాలా పాతది. అపొస్తలుల కార్యములు తెరవండి. సమరయలో సీమోను చేస్తే గారడీ, అదే ఊళ్లో ఫిలిప్పు చేస్తే దేవుని సూచన. ఎఫెసులో విశ్వాసులు కాల్చేసిన మంత్ర పుస్తకాల వెల 50,000 వెండి నాణేలు. అదే అధ్యాయంలో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు వేస్తే రోగాలు పోయాయి, దయ్యాలు వదిలాయి! ఆ గుడ్డ తాయెత్తు ఎందుకు కాలేదో ఎవరూ చెప్పరు. ఇంకా వెనక్కి వెళ్తే నిర్గమకాండంలో అహరోను కర్రా పాము అయింది, ఫరో మాంత్రికుల కర్రలూ పాములయ్యాయి. గెలిచిన పాము మహిమ, ఓడిన పాము మంత్రం. మంత్రగత్తెను బతకనివ్వొద్దన్న శాసనం కూడా ఆ గ్రంథంలోనిదే.

తరవాత ఇదే నింద క్రైస్తవుల మీదికి తిరిగింది. తాల్ముద్ యేసును మంత్రగాడంది. 178 ప్రాంతంలో గ్రీకు తత్వవేత్త సెల్సస్, ఆయన ఆ విద్యలు ఈజిప్టులో నేర్చుకున్నాడని రాశాడు. ఈజిప్టు మాంత్రికులకు మాత్రం ఈ పట్టింపు లేదు. ఇప్పుడు పారిస్‌లో ఉన్న ఒక గ్రీకు మంత్రపత్రం, యేసును హెబ్రీయుల దేవుడని పిలిచి, ఆ పేరుతోనే దయ్యాన్ని వెళ్లగొడుతుంది. అక్కరకొచ్చిన పేరు ఏ మతానిదైనా సరే. ఆ రోమన్ లోకపు మట్టిపాత్రలు మా పక్కనున్న అరికమేడు తవ్వకాల్లో దొరికాయి. వాటిని మోసుకొచ్చిన ఓడవాళ్ల మెడలో తాయెత్తులు లేవని మేము అనుకోం.

సెల్సస్ లేవనెత్తిన చిక్కును బుద్ధుడు ముందే చూశాడు. నాలందాలో కేవట్టుడు అనే గృహస్థు, ఒక భిక్షువు చేత అద్భుతం చేయిస్తే జనం నమ్ముతారన్నాడు. నమ్మనివాడు అది గాంధారీ విద్య అంటాడు కదా అని బుద్ధుడు అడిగాడు. అద్భుతం దేన్నీ రుజువు చేయదు. బోధనే ఆయన ఎంచిన అద్భుతం. రాజగృహంలో గంధపు పాత్ర కోసం గాలిలోకి లేచిన పిండోల భారద్వాజుణ్ణి మందలించి, ఆ పాత్రను పగలగొట్టించాడు.

మరి మన దారాల సంగతి? మన పాళీ గ్రంథాల్లోనూ మహిమల కథలు కుప్పలుగా ఉన్నాయి, దాచుకోం. హేతువుకు నిలిచిందే బుద్ధ వచనమని బాబాసాహెబ్ గీటురాయి ఇచ్చాక కూడా, వాటిని వల్లించి దారం కట్టించుకుంటున్నాం. స్వస్థత కూటానికి వెళ్లే దళిత క్రైస్తవుడు మన రక్తబంధువే. అతణ్ణి నవ్వే హక్కు ఆ దారం కట్టుకున్న చేతికి లేదు.

ఇది వాదాల ముచ్చటే అయితే ఇంత రాయం. మార్కు సువార్తలో కిందపడి, నురగ కక్కి, పళ్లు కొరికే కుర్రవాడికి దయ్యం పట్టిందంటారు. ఆ వర్ణన మూర్ఛరోగానిది. అలాంటి పిల్లల్ని ఈనాటికీ కూటాలకూ, మంత్రగాళ్ల దగ్గరికీ తిప్పుతున్నారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపారు. దాభోల్కర్ హత్య తరవాత మహారాష్ట్ర 2013లో చట్టం తెచ్చింది, కర్ణాటక 2017లో. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటి మన ఇంట్లోనే ఉంది. ఈ పున్నమికి వందన అయ్యాక పిల్లల చేతి దారాలు విప్పుదాం. మూర్ఛ వచ్చే పిల్లవాడుంటే మరునాడు పొద్దున్నే జిప్మర్‌కు తోడు వెళ్దాం, ఆ ఇంట్లో సిలువ ఉన్నా సరే.