కోళ్ల జబ్బు పశువుల పాకలోకి వస్తే?

పాలు తాగవచ్చా, మానుకోవాలా అన్న ప్రశ్న పాల కేంద్రాల దగ్గర, టీ దుకాణాల దగ్గర వినిపిస్తోంది. అమెరికాలో కోళ్ల జబ్బు ఆవులకు తగులుకున్నదన్న వార్త సెల్‌ఫోన్ల పుణ్యమా అని వూరూరా చేరింది. వార్త నిజమే. దానికి తోకలు అతికించి పంపుతున్న మాటల్లో చాలా భాగం నిజం కాదు. కోళ్లఫారాలూ, పాడిగేదెలూ పక్కపక్కనే బతికే గోదావరి జిల్లాల వారు యీ సంగతిని కొంచెం నింపాదిగా తెలుసుకోవలసి వుంది.

2024 ఆరంభంలో టెక్సాస్ రాష్ట్రంలోని పాడిక్షేత్రాలలో ఆవులు వున్నట్టుండి మేత తగ్గించాయి. పాలు పడిపోయాయి. వచ్చే కాసిని పాలూ జున్నుపాల మాదిరిగా చిక్కగా, పసుపుపచ్చగా వచ్చాయి. పొదుగువాపు అనుకుందామంటే మామూలు పరీక్షలలో ఏమీ దొరకలేదు. ఈలోగా ఆ క్షేత్రాలలో పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోసాగాయి. అనుమానం వచ్చిన పశువైద్యులు పాలనూ, చచ్చిన పిల్లులనూ అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయం ప్రయోగశాలకు పంపితే రెండింటిలోనూ హెచ్5ఎన్1 బయటపడింది. మార్చి 25న అక్కడి ప్రభుత్వం ఆ మాట ప్రకటించింది. అంతవరకు ఈ జబ్బు ఆవుల మందలలో యిలా పాకుతుందని శాస్త్రజ్ఞులు కూడా అనుకోలేదు.

తరువాత జరిగినదే మనకు పాఠం. అడవిపక్షి నుంచి ఆవుకు జబ్బు దాటడం బహు అరుదుగా జరిగింది. మొదటి విడత వ్యాప్తికంతటికీ మూలం ఒకే ఒక్క సంఘటన అని వైరస్ జన్యువులను పరిశీలించినవారు తేల్చారు. ఆ తరువాత ఆవు నుంచి ఆవుకు మోసింది మనుషుల పనే. టెక్సాస్ ఆవులను లారీలకెక్కించి మిషిగన్, ఐడాహో వంటి దూర రాష్ట్రాలకు తోలారు. ఒక ఆవుకు తగిలించిన పాలమిషనును సరిగా కడగకుండా మరో ఆవుకు తగిలించారు. రాష్ట్రాల మధ్య తోలే పాడి ఆవులకు పరీక్ష తప్పనిసరి అన్న ఉత్తర్వు ఏప్రిల్ 29 నుంచి అమలులోకి వచ్చింది గాని, అప్పటికే చేతులు కాలాయి. ఏడాది తిరిగేసరికి వెయ్యి మందల దాకా జబ్బు పాకింది. అందులో 700కు పైగా ఒక్క కాలిఫోర్నియా రాష్ట్రానివే. 2024 డిసెంబరు 18న అక్కడి గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది.

ఇక పాల మాట. ఈ వైరస్ ఆవు పొదుగులో తిష్ఠ వేస్తుంది. అందువల్ల జబ్బుపడిన ఆవు పచ్చిపాలలో అది విపరీతంగా వుంటుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికా అధికారులు దుకాణాలలో అమ్మే పాలను పరీక్షిస్తే అయిదు నమూనాలలో ఒకదానిలో వైరస్ తాలూకు తునకలు కనిపించాయి. ఈ ఒక్క ముక్కే మన సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. అవి చచ్చిన వైరస్ తునకలనీ, బతికిన వైరస్ ఒక్క నమూనాలోనూ దొరకలేదనీ చెప్పే రెండో ముక్క ఎందుకో దారిలో జారిపోయింది. పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకండ్లు వుంచి చల్లార్చితే చాలు, డెయిరీలలో జరిగేది అదే. మన ఇళ్లలో పాలు పొంగి స్టవ్వు ఆరిపోయేదాకా గాని దించరు. కాచిన పాలకూ, ఆ పాలు తోడుపెట్టిన పెరుగుకూ, నేతికీ భయపడనవసరం లేదు.

అయితే కాచకుండా తాగే అలవాట్లు మనకు లేకపోలేదు. పొదుగు దగ్గర గుమ్మపాలు తాగితే బలమన్న నమ్మకం పల్లెల్లో వుంది. ఉబ్బసానికి మంచిదని పసిపిల్లలకు గాడిదపాలు పచ్చివే పోస్తున్నారు. నాగులచవితికి పుట్టలో పోసే పాలతో పేచీ లేదు. తీర్థమని పిల్లల నోట్లో పోసే పచ్చిపాలతోనే పేచీ. బర్డ్ ఫ్లూ రాకముందు కూడా పచ్చిపాల ద్వారా పశువుల క్షయ, బ్రూసెల్లోసిస్ మనుషులకు సోకుతూనే వున్నాయి. కనుక ఈ అలవాటు మానడానికి అమెరికా కబురు కోసం ఆగనక్కర లేదు.

మన దేశంలో ఆవులకు గాని, గేదెలకు గాని ఈ జబ్బు వచ్చినట్లు ప్రకటన ఏదీ వెలువడలేదు. కాని కోళ్ల సంగతి వేరు. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ, తణుకు మండలం వేల్పూరులోనూ చచ్చిన కోళ్లలో హెచ్5ఎన్1 వున్నదని భోపాల్ ప్రయోగశాల తేల్చింది. చచ్చిన కోళ్లను కాలువల్లోనూ, రోడ్ల పక్కనా పారేశారని అప్పుడు పత్రికలలో వచ్చింది. అదే ఏడాది మార్చిలో రాష్ట్రంలో ఒక పసిబిడ్డ ఈ జబ్బుతో మరణించింది. అంతకుముందు 2024 డిసెంబరులో నాగపూర్ దగ్గర గోరేవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుతపులి దీనికే బలి అయ్యాయి. పక్షులను దాటి నాలుగుకాళ్ల జంతువులలోకి ఇది మన దేశంలోనూ వచ్చిందన్న మాట.

చచ్చిన కోడిని కాలువలో పారేసిన రైతును తిట్టడం తేలిక. కాని ప్రభుత్వం ఏమి చేస్తున్నదో చూడండి. జబ్బు నిర్ధారణ అయ్యాక అధికారులు చంపించిన కోళ్లకే పరిహారం వస్తుంది. అంతకుముందు వాటంతట అవి చచ్చినవాటికి పైసా రాదు. పైగా కబురు చెబితే ఫారం మూతపడుతుంది, చుట్టుపక్కల వారికి శత్రువవుతాడు. ఇన్ని చిక్కులు ముందు పెట్టి నిజాయితీగా కబురు చెప్పమంటే ఎవరు చెబుతారు?

రేపు పశువులకు అనుమానం వచ్చినా ఇదే జరుగుతుంది, ఇంకా దారుణంగా జరుగుతుంది. కోళ్లఫారం పెట్టుబడి వున్నవాడి వ్యాపారం. రెండు గేదెలను కట్టుకున్న ఇల్లాలికి పాల కేంద్రంలో వచ్చే పాలడబ్బే ఇల్లు గడిచే ఆధారం. ఆమె గేదె పాలు పడిపోతే పొదుగులోకి ట్యూబు ఎక్కించి ఊరుకుంటుంది, పాలు కేంద్రంలో పోసి వస్తుంది. చెబితే కేంద్రంవారు పాలు పట్టరన్న భయం ఆమెది. అమెరికాలో కూడా చాలామంది యజమానులు పరీక్షలకు ఒప్పుకోలేదు. పడిపోయిన పాలకు సైతం పరిహారం ఇస్తామని 2024లో ప్రభుత్వం చెప్పాక కొంత దారికి వచ్చారు. మనకూ అటువంటి ఏర్పాటు ముందే కావాలి. జబ్బు వచ్చాక కమిటీ వేస్తే లాభం లేదు.

పరీక్షలు చేస్తే జనం బెదిరిపోతారని కొందరు అధికారులు అనవచ్చు. 2025 ఫిబ్రవరిలో జనం బెదిరిపోయి కోడిమాంసం మానేశారు, నిజమే. అదే నెలలో గుంటూరులో ఉచితంగా చికెన్ వండి పెడితే తొక్కిసలాడుకున్నారు కూడా. జనం భయం అంత గట్టిదేమీ కాదు. సరైన మాట సకాలంలో చెప్పేవారు లేనప్పుడే అది ముదురుతుంది.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినదీ కాదు. జబ్బు వచ్చిన ఫారం చుట్టూ 10 కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలన్నది వున్న నిబంధనే. ఆ నిఘా కోళ్లతో ఆగిపోకుండా ఆ పరిధిలోని పాలకు కూడా వర్తించాలి. ఇంటింటికీ తిరగనవసరం లేదు. ఊరి పాలన్నీ చేరే బల్క్ కూలర్ నుంచి ఒక్క సీసా తీసినా ఊరంతటి సంగతి తెలుస్తుంది. అమెరికా 2024 డిసెంబరులో మొదలుపెట్టిన పద్ధతి కూడా ఇటువంటిదే. మన గేదెలను మనమే పరీక్షించుకోవాలి గదా, అమెరికావారు వచ్చి చేసిపెట్టరు.

పాలు పితికేవారి సంగతి మరీ ముఖ్యం. అమెరికాలో ఈ జబ్బు సోకిన 70 మందిలో సగానికి పైగా పాడిక్షేత్రాల కూలీలే. ఎక్కువమందికి కళ్లు ఎర్రబడి నీరు కారడంతో తగ్గిపోయింది. మన వూళ్లలో ఒకే మనిషి నాలుగైదు ఇళ్ల గేదెలను పితుకుతాడు. అతని చేతులే ఇక్కడ పాలమిషను. ఒక పాక నుంచి మరో పాకకు వెళ్లేముందు సబ్బుతో చేతులు కడుక్కోమని అతనికి ఎవరైనా చెప్పారా? కళ్లు ఎర్రబడ్డాయని ఆస్పత్రికి వస్తే, పశువుల పనా, కోళ్ల పనా అని డాక్టర్లు అడుగుతున్నారా?

ఏటా చలికాలం మొదలయ్యేసరికి కొల్లేరుకు వలసపక్షులు దిగుతాయి. ఆలోగా పశుసంవర్ధక శాఖవారు ప్రతి పాల కేంద్రం గోడ మీద మూడు సంగతులు రాయించాలి: పాలు పడిపోయి జున్నుపాలలా వస్తే ఎవరికి చెప్పాలో, చచ్చిన కోడిని ఎక్కడ పాతిపెట్టాలో, ఏ ఫోను నంబరుకు కబురు చేయాలో. ఆ నంబరుకు ఫోను చేస్తే ఎత్తే మనిషి కూడా వుండాలి.