“సూది పడలేదు” అంటే లెక్క ఒడిసినట్టేనా?

కొండగట్టు ఘాటు రోడ్డు మీద 2018 సెప్టెంబర్ 11న ఆర్టీసీ బస్సు లోయల పడ్డది. అరవై మందికి పైగా చచ్చిపోయిన్రు. రెక్కల కష్టం మీద బతికే జనం. ఆ చావుల సంగతి దేశమంతా తెలిసింది. ఎందుకు? ఒక్క తావుల, ఒక్క పూట అన్ని పీనుగులు లేచినయి గనుక. దవాఖాన్ల సూది వికటించి పోయేటోళ్లు ఒక్కొక్కరే పోతరు. ఒక మంచం, ఒక పీనుగు, ఒక మాట: “మందు పడలేదు.” అంతే. లెక్క ఒడిసింది.

మేం ఈ మాటనే పట్టుకొని అడుగుతున్నం. “పడలేదు” అన్న మాటల డాక్టరు లేడు, నర్సు లేదు, కంపెనీ లేదు, సర్కారు లేదు. ఉన్నదల్లా రోగి ఒళ్లే. తప్పంతా ఆ ఒంటిదే! మన ఒంటిని తప్పుపట్టుడు ఈ దేశానికి కొత్త గాదు. నిన్న ముట్టుకుంటే మైల అన్నరు. ఇయ్యాల మందు పడని ఒళ్లు అంటున్నరు. మనోళ్లు గూడ “రాత అట్లున్నది” అని అంజన్న మీద భారమేసి ఊకుంటున్నరు. తలరాత కాదు, కేసు షీటు రాత అడగాలె. అక్కడ రాయాల్సింది రాయకపోవుడే అసలు సంగతి.

మేం మందుకు పగవాళ్లం కాదు. యాంటీబయాటిక్కులు లేని కాలంల బాలింత జ్వరం, నిమోనియా, క్షయ మన వాడలను ఊడ్చినయి. క్షయకు మొదట దొరికిన స్ట్రెప్టోమైసిన్ ఎందరినో బతికించింది. కొందరి చెవులనూ తీసుకున్నది. మందు రెండు దిక్కుల పదునున్న కత్తి. పట్టేటోడు చూసి పట్టాలె.

ఎట్ల కోస్తదో తెలుసుకుందాం. పెన్సిలిన్, సెఫ్‌ట్రియాక్సోన్ లాంటివి ఒంటికి సరిపడకుంటే నిమిషాలల్లనే దద్దుర్లు లేస్తయి, పెదవులు ఉబ్బుతయి, ఊపిరాడదు, బీపీ పడిపోతది. అప్పుడు బతికించేది అడ్రినలిన్ సూది. తొడ బయటి పక్క కండలకు వెంటనే ఇయ్యాలె. సల్ఫా మందులు కొందరికి రోజులు, వారాలు గడిచినంక నోరు పుండ్లు చేసి, కాలినట్టు తోలు ఊడగొడతయి. జెంటామైసిన్, అమికాసిన్ కిడ్నీలను, చెవులను దెబ్బతీయొచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ నరాలకు, మడమ దగ్గరి కండరపు తాడుకు చేటు చేయొచ్చు. ఇవన్నీ డాక్టర్ల పుస్తకాలల్ల ఉన్నయే. దాచిన రహస్యాలు కావు.

“ఎవరికి వికటిస్తదో ముందే ఎట్ల తెలుస్తది?” అంటరు. మొదటిసారి వచ్చే రియాక్షన్ అన్నిసార్లు ముందే తెల్వదు. ఒప్పుకుంటం. కానీ “ఇంతకుముందు ఏ మందుకన్నా దురద, వాపు, ఆయాసం వచ్చిందా?” అని అడగకపోవుడు ఎవరి తప్పు? ఒకసారి వికటించిన మందునే మళ్ల ఎక్కించుడు ఎవరి తప్పు? సూది గుచ్చే తావుల అడ్రినలిన్ లేకపోవుడు ఎవరి తప్పు? అది ఖరీదైన మందు గాదు. టెస్టు డోసు ఇచ్చినం గదా అంటే సరిపోదు. అది మంచిగున్నా రియాక్షన్ రాదన్న భరోసా లేదు. అడుగుడు, రాసుడు, సూది ఇచ్చినంక కనిపెట్టుకొని ఉండుడు – ఇవే కాపాడుతయి.

ఇంకో మాట. జలుబుకు, వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. పనికిరాని సూదితోని పాణం మీదికి వస్తే దాన్ని ఏమనాలె? “సూది ఎయ్యనోడు డాక్టరే కాదు” అన్న మాట మన వాడలల్ల పాతుకపోయింది. దాన్ని పీకెయ్యాలె. అయితే ఆర్ఎంపీనొక్కన్నే బోనుల నిలబెట్టి సర్కారు చేతులు దులుపుకుంటానంటే నడువది. సర్కారు దవాఖాన దగ్గర లేకనే గదా జనం ఆయన గడప తొక్కేది!

చట్టాలు లేవా? ఉన్నయి. చాలా యాంటీబయాటిక్కులను హెచ్‌1 షెడ్యూలుల పెట్టిన్రు. 2014 మార్చి 1 నుంచి అవి అమ్మే దుకాణపోడు రోగి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టర్ల రాయాలె. 2010ల మందుల రియాక్షన్లను లెక్కగట్టే జాతీయ పథకం మొదలుపెట్టిన్రు. ప్రజలే నింపే ఫారం తెలుగుల గూడ ఉన్నది. పైసా ఖర్చు లేని ఫోను నెంబరు 1800-180-3024. ఇది మన వాడల ఎందరికి తెలుసు? చెప్పాల్సినోళ్లు ఎందుకు చెప్పలే?

అక్షరాన్ని మనకు దూరం పెట్టిన దేశం ఇది. ఇప్పుడు మన ఒంట్లెకు ఎక్కే మందు పేరును దూరం పెడుతున్నది. కేసు షీటు ఇంగ్లీషుల, డిశ్చార్జి చీటి ఇంగ్లీషుల. ఏ మందు వికటించిందో తెల్వని మనిషి రేపు ఇంకో దవాఖానకు పోతే ఏమని చెప్తడు? ఉత్తగ “అలర్జీ” అని రాసినా లాభం లేదు. పెన్సిలిన్ పడదని చెప్పుకునేటోళ్లల్ల పదింట తొమ్మిది మందికి పరీక్ష చేస్తే అది పడుతదనే తేలుతది. ఉత్త అనుమానంతోని మంచి మందు దూరమైతది. అందుకే ఏ మందు, ఎప్పుడు, ఏమైంది – మూడూ రాయాలె.

మేం అడిగేవి ఇవి:

1. సూది వేసే ప్రతి సర్కారు, ప్రైవేటు దవాఖాన్ల అడ్రినలిన్, ఆక్సిజన్, వాటిని వాడొచ్చే మనిషి ఉండాలె.

2. మందు వికటిస్తే దాని పేరు తెలుగుల రాసిన చీటి రోగి చేతికియ్యాలె.

3. జగిత్యాల, కరీంనగర్ దవాఖాన్లల్ల ఏటా ఎన్ని రియాక్షన్లు వచ్చినయో, ఎందరు పోయిన్రో గోడ మీద రాయాలె.

కార్యకర్తలకు మాట: ఎవరికన్నా సూది వికటిస్తే సీసాను, దాని బ్యాచ్ నెంబరును భద్రం చెయ్యమని అడుగున్రి. కేసు షీటు నకలు రాతపూర్వకంగ అడుగున్రి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం 72 గంటలల్ల ఇయ్యాలె. చనిపోతే పోస్టుమార్టం కానియ్యకుండ కాయితాల మీద వేలిముద్ర వెయ్యకున్రి. ప్రతి వాడల ఒక నోటుబుక్కు పెట్టి, ఎవరికి ఏ మందు పడదో రాసిపెట్టున్రి.

వాళ్లు లెక్క రాయకుంటే మనమే రాద్దాం. రాసిన లెక్కను దవాఖాన గేటు ముందల నిలబడి చదువుదాం!