తట్టుకు ఎవరి ఆగ్రహమూ కారణం కాదు

బిడ్డకు మూడు నాలుగు రోజులు జ్వరం కాసి, కళ్ళు ఎర్రబడి, ముక్కు కారి, దగ్గు పట్టి, ఆ తర్వాత చెవుల వెనక మొదలైన దద్దుర్లు ముఖం మీదుగా ఒళ్ళంతా పాకితే, తెలుగు ఊళ్ళలో చాలా ఇళ్ళలో ఇప్పటికీ ముందు వినబడే మాట ‘అమ్మవారు పోసింది’ అని. ఆ మాట పడ్డాక ఇంటి నడవడి మారిపోతుంది. గుమ్మానికి వేపమండలు కడతారు, బిడ్డ పక్క మీద వేపాకు పరుస్తారు. పోపు పెట్టరు, నీచు వండరు, బిడ్డకు చప్పిడి తిండే పెడతారు. స్నానం చేయించరు. ముట్టయిన ఆడవాళ్ళు ఆ దరిదాపులకు రాకూడదంటారు. ఆస్పత్రికి వెళదామన్నవాళ్ళను, సూది పడితే తల్లికి కోపం వస్తుందని పెద్దవాళ్ళు ఆపుతారు. దద్దుర్లు మాడిపోయాక వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు పోసి, గుడిలో చలివిడి, పానకం, పెరుగన్నం నైవేద్యం పెట్టి వస్తారు. ఇంత ఏర్పాటూ ఒకే నమ్మకం మీద నిలబడి ఉంది: ఒంటి మీదికి వచ్చింది దేవత, ఆమెను చల్లబరిస్తే వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. ఈ నమ్మకాన్ని గౌరవించాలా వద్దా అన్నది తర్వాతి సంగతి. పసిబిడ్డ ప్రాణం దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు అది నిజమా కాదా అని ముందు అడగాలి.

అది నిజమని తోచడానికి బలమైన కారణమే ఉంది. తట్టు ఒక వైరస్ వల్ల వచ్చే రోగం. దానికి తనదైన గడువు ఉంది. దద్దుర్లు లేచిన అయిదారు రోజులకు, లేచిన వరసలోనే తగ్గుముఖం పడతాయి. మనం ఏం చేసినా, ఏమీ చేయకపోయినా ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు. అంటే ఆ వారం రోజుల్లో ఏ తంతు జరిపినా అది ఫలించినట్టే కనిపిస్తుంది. వేపాకు కట్టినవాళ్ళు వేపాకు మహిమ అనుకుంటారు, తాయెత్తు కట్టినవాళ్ళు తాయెత్తు మహిమ అనుకుంటారు. బిడ్డ దక్కకపోతే మాత్రం లెక్క తిరగబడుతుంది. నమ్మకం తప్పయిందని ఎవరూ అనరు. ఇంట్లో మైల కలిసిందనీ, మొక్కు మరిచారనీ, తల్లి సరిగ్గా పాటించలేదనీ అంటారు. బిడ్డను పోగొట్టుకున్న ఆడమనిషి మీద ఆ నేరం కూడా పడుతుంది. ఈ ఆచారం చేసే అన్యాయాల్లో ఇంతకంటే క్రూరమైనది లేదు. బిడ్డ బతికినా చనిపోయినా తానే గెలిచే నమ్మకం రోగం గురించి మనకు ఏమీ చెప్పలేదు. ఏది జరిగితే తాను తప్పని ఒప్పుకుంటుందో ముందే చెప్పగల మాటకే విలువ ఉంటుంది.

ఆగ్రహమే కారణమైతే తట్టు ఎవరిని వదిలిపెట్టాలి? భక్తులనూ, నియమాలు తప్పనివాళ్ళనూ వదిలిపెట్టాలి. అది నిజంగా ఎవరిని వదిలిపెట్టిందో చూడడానికి చరిత్ర మనకు అరుదైన అవకాశం ఇచ్చింది. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవులకు 1846లో కోపెన్‌హాగెన్ నుంచి వచ్చిన ఒక మనిషితో తట్టు చేరింది. అంతకు ముందు అరవై అయిదేళ్ళుగా అక్కడ ఆ రోగం లేదు. ఎనిమిది వేలకు కాస్త తక్కువగా ఉన్న జనాభాలో కొద్ది నెలల్లోనే ఆరు వేలమందికి పైగా మంచం పట్టారు. పరిశీలనకు వెళ్ళిన పీటర్ పానుమ్ అనే యువ డాక్టరు ఊరూరా తిరిగి ఎవరికి ఎప్పుడు, ఎవరి దగ్గర అంటిందో రాసుకున్నాడు. రోగిని కలిసిన రోజుకూ దద్దుర్లు లేచిన రోజుకూ మధ్య దాదాపు పద్నాలుగు రోజుల ఎడం ఉందని తేల్చాడు. అంతకంటే పెద్ద సంగతి ముసలివాళ్ళ విషయంలో బయటపడింది. 1781లో అక్కడ తట్టు వచ్చినప్పుడు దాని బారినపడి బతికినవాళ్ళలో అతను విచారించిన ఏ ఒక్కరికీ ఈసారి అది రాలేదు. అప్పుడు తప్పించుకున్నవాళ్ళు ఈసారి ముసలితనంలో దాని బారినపడ్డారు. వాళ్ళ మంచితనంతో గానీ దైవభక్తితో గానీ దీనికి పొంతన లేదు. ఒకసారి ఆ రోగాన్ని ఎదుర్కొన్న శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంది, అంతే. ఆ జ్ఞాపకాన్ని రోగం రాకుండానే కలిగించేది టీకా. 1875లో తట్టు మొదటిసారి ఫిజీ దీవుల్లో అడుగుపెట్టినప్పుడు సుమారు నలభై వేలమంది చనిపోయారు. వాళ్ళలో ఎవరూ ఏ అమ్మవారికీ అపచారం చేసి ఉండరు. వాళ్ళ శరీరాలకు ఆ వైరస్ కొత్త.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. వేపమండలు కట్టడం, బయటివాళ్ళను రానివ్వకపోవడం పెద్దల ముందుచూపు కదా, రోగిని వేరుగా ఉంచాలని వాళ్ళకు తెలుసు కదా అంటారు. మశూచి విషయంలో ఈ మాటలో చాలా నిజం ఉంది. పోలేరమ్మ పేరుతో భయపడిన ఆ రోగం పొక్కులు లేవడం మొదలైనప్పటి నుంచే ముఖ్యంగా అంటుతుంది. కనుక పొక్కులు చూసి తలుపు మూసిన ఇల్లు పక్కింటిని కొంతవరకైనా కాపాడి ఉంటుంది. 1970లలో మశూచిని తుడిచిపెట్టిన పద్ధతి కూడా ఇదే సూత్రాన్ని వాడుకుంది. రోగి ఉన్న ఇంటిని వెతికి పట్టుకోవడం, రోగిని వేరుచేసి గుమ్మం దగ్గర కాపలా పెట్టడం, చుట్టుపక్కల అందరికీ టీకాలు వేయడం. భారతదేశంలో చివరి కేసు 1975 మే నెలలో నమోదైంది. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి భూమ్మీద లేదని ప్రకటించింది. కానీ తట్టు నడక వేరు. దద్దుర్లు లేవడానికి నాలుగు రోజుల ముందు నుంచే, అంటే అది మామూలు జలుబూ జ్వరంలా కనిపిస్తున్న రోజుల్లోనే, బిడ్డ దగ్గితే వైరస్ గాలిలోకి వెళుతుంది. బిడ్డ ఉన్న గది గాలిలో అది రెండు గంటల వరకు బతికి ఉంటుంది. రక్షణ లేని పదిమంది ఆ బిడ్డ దగ్గర మసిలితే తొమ్మిదిమందికి అంటుతుంది. గుమ్మానికి వేపమండ ఎక్కేసరికి అంగన్‌వాడీలో పక్కన కూర్చున్న పిల్లలకు అది చేరిపోయి ఉంటుంది. ఒక రోగం నుంచి నేర్చుకున్న జాగ్రత్తను మరో రోగానికి అప్పగించాం. రెండింటినీ ఒకే తల్లి పేరుతో పిలవడం వల్ల తేడా చూడలేకపోయాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. మశూచి కాలంలో వందల ఏళ్ళు మొక్కులు, జాతరలు, బలులు సాగాయి, రోగం మాత్రం ప్రతి కొన్నేళ్ళకూ తిరిగి వచ్చింది. 1967లో ప్రపంచవ్యాప్తంగా ముమ్మరంగా మొదలైన కార్యక్రమం పదేళ్ళలో దాన్ని నిర్మూలించింది. ఆ పదేళ్ళలో భక్తి పెరిగిందనడానికి ఏ ఆధారమూ లేదు, పెరిగింది టీకాలు. వెంకటగిరిలో పోలేరమ్మ జాతర ఇప్పటికీ ఏటా జరుగుతూనే ఉంది. జరగనివ్వండి, ఊరంతా కలిసే పండుగ మీద నాకు పేచీ లేదు. రోగాన్ని ఆ పండుగ ఆపుతుందనీ, ఆపిందనీ అనడం మీదే నా అభ్యంతరం.

పూజతో పోయేదేముంది, దండం పెట్టుకుంటే ఎవరికి నష్టం అని అడిగేవాళ్ళు ఆ తంతులోని పథ్యం వైపు చూడాలి. తట్టు పిల్లల ఒంట్లోని విటమిన్ ఎ నిల్వలను పీల్చేస్తుంది. అసలే తక్కువ ఉన్న పిల్లల్లో కంటి నల్లగుడ్డు మెత్తబడి, పుండుపడి, చూపు పోతుంది. విరేచనాలు, న్యుమోనియా వెంటపడతాయి. తట్టు చావుల్లో ఎక్కువ భాగం వీటి వల్లే. సరిగ్గా ఆ సమయంలోనే మనం గుడ్డు, చేప, పాలు, నూనె ఆపేస్తాం. నూనె లేకపోతే ఆకుకూరలో ఉన్న విటమిన్ ఎ కూడా ఒంటికి సరిగ్గా పట్టదు. కళ్ళు ఎర్రబడ్డాయని ఆకు పసర్లు పిండడం ఇంకా ప్రమాదం. పుండుపడబోతున్న కంటికి అది నేరుగా హాని. కేప్‌టౌన్‌లో తట్టుతో ఆస్పత్రిలో చేరిన పిల్లల మీద జరిపి 1990లో ప్రచురించిన పరిశోధనలో, విటమిన్ ఎ ఇచ్చినవాళ్ళలో చావులు ఇవ్వనివాళ్ళలో కంటే సగానికన్నా తక్కువ. అందుకే తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ వరసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు ఆరు నెలలకొకసారి ఆ విటమిన్ పోసే జాతీయ పథకానికి ఆధారమైన పని చాలావరకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలోనే జరిగింది. ఆ సంస్థ ఉన్న నగరానికి కొద్ది గంటల దూరంలోని ఊళ్ళలో తట్టు వచ్చిన బిడ్డకు పోపు లేని చారు మెతుకులే పెట్టడం చూస్తూ ఊరుకోకూడదు.

మీరు డాక్టరును నమ్ముతారు, మేము అమ్మవారిని నమ్ముతాం, రెండూ నమ్మకాలే కదా అంటారు. కావు. టీకా తన తప్పులను తానే లెక్కపెట్టి బయటపెడుతుంది. తొమ్మిది నెలలకు ఇచ్చే ఒక మోతాదు సుమారు ఎనభై అయిదు శాతం పిల్లల్లోనే పనిచేస్తుందని తేలింది కనుకే మన దేశంలో 2010 నుంచి రెండో మోతాదు చేర్చారు. రోటా వైరస్ విరేచనాలకు అమెరికాలో వచ్చిన తొలి టీకా కొద్దిమంది పసివాళ్ళలో పేగు మడత పడేలా చేస్తోందని కనబడగానే 1999లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. ఆ తర్వాత హైదరాబాదులో తయారై 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో పిల్లలకు ఇవ్వడం మొదలైన రోటావాక్, తీవ్రమైన విరేచనాలను సుమారు యాభై ఆరు శాతం మేరకే తగ్గిస్తుందని దాన్ని పరీక్షించినవాళ్ళే ప్రకటించారు. నూరు శాతం అని ఎవరూ చెప్పలేదు. ఏ మొక్కు విషయంలో, ఏ తాయెత్తు విషయంలో ఇలాంటి లెక్క ఎవరైనా తీశారా?

టీకా వేశాక పిల్లలు చనిపోయిన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి, దాచనక్కరలేదు. పసిఫిక్ సముద్రంలోని సమోవాలో 2018లో నర్సులు తట్టు టీకా పొడిని కలపవలసిన నీళ్ళకు బదులు వేరే మందుతో కలిపి ఇచ్చారు, ఇద్దరు పసివాళ్ళు చనిపోయారు. తప్పు కలిపినవాళ్ళది. నింద మాత్రం టీకా మీద పడింది. కార్యక్రమం నెలల తరబడి ఆగిపోయింది, తిరిగి మొదలైనా తల్లిదండ్రులు రాలేదు, పసివాళ్ళలో టీకా అందినవాళ్ళు మూడో వంతుకు తగ్గిపోయారు. 2019 చివర తట్టు వచ్చింది. రెండు లక్షల జనాభా ఉన్న ఆ చిన్న దేశంలో ఎనభై ముగ్గురు చనిపోయారు, అందులో ఎక్కువమంది అయిదేళ్ళలోపువాళ్ళు. చివరికి ప్రభుత్వం దేశమంతా పనులు ఆపించి, టీకా పడనివాళ్ళున్న ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టమని చెప్పి, ఇంటింటికీ బృందాలను పంపింది. భయం కూడా ఒక నమ్మకమే, దానికీ ఆధారం అడగాలి. ఈ మాట మన ఊళ్ళలోని ముసలమ్మల కంటే, నగరాల్లోనూ అమెరికాలోనూ ఉన్న చదువుకున్న తల్లిదండ్రులకు ఎక్కువ వర్తిస్తుంది. తట్టు టీకాతో ఆటిజం వస్తుందని 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పన్నెండుమంది పిల్లలను చూపించి రాసిన వ్యాసాన్ని లాన్సెట్ వైద్య పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది, అదే ఏడాది అతని డాక్టరు గుర్తింపు రద్దయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలమందికి పైగా పిల్లలను ఏళ్ళ తరబడి గమనిస్తే టీకా పడ్డవాళ్ళకూ పడనివాళ్ళకూ ఆటిజంలో తేడా కనబడలేదు. సహజంగా రోగం వస్తేనే ఒంటికి బలం అనే వాట్సాప్ జ్ఞానం కూడా తలకిందులైంది. టీకా వేయించుకోని పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా పరీక్షించి 2019లో ప్రచురించిన పరిశోధనలో, పాత రోగాల మీద అప్పటికే సంపాదించుకున్న రక్షణలో కొంత భాగాన్ని తట్టు చెరిపేసిందని తేలింది.

మా కాలంలో టీకాలెక్కడివి, మేము బతకలేదా అనే పెద్దలు కళ్ళ ముందున్న తమను మాత్రమే లెక్కపెడుతున్నారు. అదే ఇంట్లో పుట్టి పోయిన అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు వాదనకు రాలేరు. టీకా రాకముందు తట్టు ప్రపంచంలో ఏటా ఇరవై ఆరు లక్షలమందిని చంపేదని అంచనా. 2023లో ఆ సంఖ్య లక్షా ఏడు వేల చిల్లర. ఇదే నివారణకు ఉన్న చిక్కు. అది గెలిచినప్పుడు కనబడేదేమీ ఉండదు, రాని జ్వరానికి ఎవరూ మొక్కు తీర్చుకోరు.

అయితే టీకా పడని ప్రతి బిడ్డ వెనకా మూఢనమ్మకమే ఉందనుకుంటే హేతువాదులు కూడా ఆధారం లేకుండా తీర్పు చెప్పినట్టవుతుంది. ఇటుక బట్టీలకూ, కూలి పనులకూ నెలల తరబడి వలస పోయే కుటుంబాల పిల్లలు ఏ ఊరి జాబితాలోనూ ఉండరు. తట్టు టీకా సీసా ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడేయాలి. పిల్లలు తక్కువ వచ్చిన రోజు సీసా తెరవకుండా మళ్ళీ రమ్మంటే, కూలి వదులుకుని వచ్చిన తల్లి మరోసారి రాకపోవచ్చు. ఆమెను తిట్టే బదులు ఆ ఒక్క బిడ్డ కోసమైనా సీసా తెరవాలి.

నా బిడ్డ, నా నమ్మకం, మీకెందుకు అన్న ప్రశ్న మిగిలింది. టీకా తొమ్మిది నెలలు నిండాకే ఇస్తారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ అంతకు ముందే పలచబడుతుంది. ఆ నడుమ నెలల్లో ఉన్న పసివాళ్ళనూ, కాన్సర్ వంటి జబ్బులతో టీకా తీసుకోలేని పిల్లలనూ కాపాడేది చుట్టూ ఉన్నవాళ్ళే. ఊళ్ళో నూటికి తొంభై అయిదుమందికి రక్షణ ఉంటే తట్టుకు దారి దొరకదు. కాబట్టి ఇది ఒక్క ఇంటి విషయం కాదు. తట్టు కనబడితే వెంటనే ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు చెప్పాలి, బిడ్డకు విటమిన్ ఎ వేయించాలి, అన్నీ తినిపించాలి, నీళ్ళు బాగా తాగించాలి. రోగిని కలిసిన డెబ్భై రెండు గంటల్లోపు టీకా వేస్తే ఇరుగుపొరుగు పిల్లల్లో కొందరినైనా కాపాడవచ్చు. అదే ఇంట్లో పక్కన పడుకునే తమ్ముడికి మాత్రం దద్దుర్లు కనబడేసరికే ఆ గడువు దాటిపోయి ఉంటుంది. అతనికి పనికివచ్చేవి తొమ్మిది నెలలు నిండాక ఒకటి, పదహారు నెలలు దాటాక ఒకటి ముందే వేయించిన ఆ రెండు మోతాదులే.