రిసార్టు గోడకు రెండు పక్కలా



"ఉద్యమంలో ఉన్నోడికి రిసార్టు ఎందుకు?" ఈ మాట ఈ మధ్య మన గ్రూపులోనే చదివాను. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా పాత విద్యార్థి, పీలేరు పక్క మాలపల్లె పిల్లోడు, జమైకా బీచ్ రిసార్టుకు పోతున్నానని రాసినందుకు వచ్చిన జవాబు అది. తిండి, గది, తాగుడు అన్నీ కలిపి ఒకే రేటట. పోయే ముందు జాగ్రత్తలు చెప్పమన్నాడు, ఈ మాటలు పడ్డాడు.

అగ్రకులపోడు అంటే అర్థం చేసుకుంటాను. మన కష్టం వాడికి అలవాటు, మన సెలవు కొత్త. మనోళ్లే అంటే ఏం చెప్పాలి? జీతంతో కూడిన సెలవు ఈ దేశపు ఫ్యాక్టరీ కార్మికుడికి 1945లో చట్టంగా వచ్చింది. ఆ బిల్లును సభలో పెట్టింది అప్పటి కార్మిక సభ్యుడు అంబేడ్కర్. హోటళ్లు, వినోద స్థలాలు, చెరువులు, స్నానఘట్టాల దగ్గర కులం పేరుతో ఎవరినీ ఆపకూడదన్నది రాజ్యాంగంలో 15(2). విశ్రాంతి మనకు ఎవరో పెట్టిన భిక్ష కాదు. కొండకొచ్చే యాత్రికుల గదులు ఊడ్చే చేతులు ఎవరివో తిరుపతిలో చదివేవాళ్లకు నేను చెప్పాలా? ఆ చేతులు ఒక వారం ఇసకలో ఆడుకుంటే ఉద్యమం మునిగిపోదు.

అందుకే పోమ్మంటాను. అయితే కళ్లు తెరుచుకుని పో.

ఒకటి. పాస్‌పోర్టులో అమెరికా వీసా గడువు చూసుకోకుండా దేశం దాటొద్దు. జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ తుపాన్ల కాలం. రేటు తగ్గింది కదా అని ఎగబడకుండా, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కొస్తుందో లేదో చదువుకో.

రెండు. చేతికి పట్టీ కడతారు. పట్టీ ఉన్నోడికి సముద్రం, లేనోడికి గోడ. జమైకాలో 1956 నాటి బీచ్ చట్టం తీరాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టింది. తమ సముద్రంలో తాము మునగడానికి అక్కడి జనం ఇప్పటికీ కోర్టుల్లో కొట్లాడుతున్నారు. ఊరికీ వాడకీ మధ్య గీత తెలిసిన మనకు ఆ గోడ కనబడకపోతే ఎట్లా?

మూడు. గేటు దాటు. ఒకపూటైనా ఊళ్లో అంగడిలో తిను. లోపల కట్టిన డబ్బులో ఆ ఊరికి చేరేది తక్కువ. గది ఊడ్చే ఆమెకు టిప్ ఇవ్వొచ్చంటే ఆమె చేతికే ఇవ్వు.

నాలుగు. మనోళ్ల టూర్లలో "నల్లోళ్లు" అనే వెక్కిరింత వినబడుతుంది. నవ్వొద్దు. అక్కడే ఆపు. ఆ దీవుల్లో చెరకు పండించింది ఆఫ్రికా బానిసలు. 1838లో బ్రిటిష్ దీవుల్లో వాళ్లకు పూర్తి విడుదల వచ్చాక, తోటల యజమానులు మన దేశపు కూలీలను ఒప్పందాల మీద దింపారు. మద్రాసు రేవులో ఓడలెక్కిన తమిళ, తెలుగు కూలీలు గయానా దాకా పోయారు. వాళ్లలో మన వాడల వాళ్లూ ఉన్నారు. 1917 దాకా సాగిందా వ్యాపారం. వాళ్లకు ఆ సముద్రం సెలవు కాదు, తిరిగిరాని దారి.

వాళ్లు చెమటోడ్చిన సముద్రంలో వాళ్ల మనవడు ఈత కొడితే తప్పు పట్టేవాళ్లను ఒకటే అడుగుతాను: మేం నీళ్లలోకి దిగిన ప్రతిసారీ మీకెందుకు అభ్యంతరం? మహద్ చెరువు దగ్గర 1927లో అడిగిన ప్రశ్నే ఇది. ఇంకా జవాబు రాలేదు.